టూసన్‌లో ఎక్కడ తినాలని అడిగావు

డులూత్
మార్చి 6

వదినకు,

నా చేతిరాత చూసి కవరు తెరవకుండానే పారేస్తావేమోనని దీన్ని ఇసేలా పేరు మీద పంపాలనుకున్నాను. నీ మనవరాలిని మన మధ్యకు లాగడం దేనికని మళ్ళీ మనసు మార్చుకున్నాను. పారేసినా నువ్వే పారెయ్యి.

ఫెర్మీన్ అన్నయ్య పోయి నాలుగేళ్ళయింది. మట్టి ఇచ్చే వేళకి నేను రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు రాయలేదు, ఇప్పుడూ రాయలేను. ఆ తరవాత నేను రాసిన రెండు ఉత్తరాలకీ నీ నుంచి జవాబు లేదు. ఇవ్వవలసిన అవసరమూ లేదు.

ఈ ఏడు ఒక వారం టూసన్ రావాలని ఉంది. అన్నయ్య సమాధి చూడాలి. నీ ఇంట్లో దిగుతానని అడగడానికి ముఖం చెల్లదు కాబట్టి హైవే పక్కన మోటెల్‌లో గది తీసుకుంటాను. ఆయన కూర్చున్న బల్ల దగ్గర ఒక్కపూట తింటే బాగుండునని ఉంది. అడగడం లేదు. అడిగినట్టు కూడా అనుకోకు.

ఒక్క సంగతి మాత్రం అడుగుతాను. నేను ఆ ఊరు చూసి పదేళ్ళు దాటింది. ఇప్పుడక్కడ ఎక్కడ తినాలి, ఏం తినాలి? ఇక్కడ తెల్ల చేపని తెల్ల సాసులో ముంచి తెల్ల పళ్ళెంలో పెడతారు. కిటికీలోంచి చూస్తే బయట మంచు, అదీ అదే వంటకం.

ఆర్విడ్ బాగున్నాడు. నిన్ను అడిగానని చెప్పమన్నాడు. ఆయన రాడు, చేపలు పట్టే రోజులు వదులుకోడు.

నీ ఆడబిడ్డ
ఒతీలియా


టూసన్
మార్చి 19

ఒతీలియాకు,

ఉత్తరం తెరిచాను. చదివాను. మోటెల్‌లో దిగే మనిషిని అతిథి అంటారు. అతిథి అడిగింది కాబట్టి చెప్పడం మర్యాద. బడిలో ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, అడిగిన ప్రశ్నకి జవాబు రాయడం నాకు అలవాటే. అడగని ప్రశ్నలకి మార్కులుండవు.

ముందు హాట్‌డాగ్. సౌత్ సిక్స్త్ వీధిలో టైర్ల కొట్టు ముందు చక్రాల బండి ఒకటి ఉంటుంది. బేకన్ చుట్టి కాల్చిన దాన్ని బొద్దు బన్నులో దూర్చి, మీద బీన్స్, ఉల్లిపాయ, టమాటా, మయొనీజ్, ఆకుపచ్చ కారం కుమ్మరిస్తాడు. తెల్ల జాకెట్టు వేసుకుని వెళ్ళకు. నువ్వు అదే వేసుకుని వెళతావని నాకు తెలుసు.

ఎండు మాంసం తినాలంటే పాత పేటలోకి వెళ్ళు. డాబా మీద ఇనప జాలీ పంజరంలో మాంసం ముక్కలు ఎండబెట్టే హోటలు కనిపిస్తుంది. వాటి మీద ఈగలు ఎందుకు వాలవని వడ్డించే పిల్లని అడగకు. మన ఎండకి ఈగలు కూడా బతికి బట్టకట్టవు.

చేతుల మీద చాచి చాచి దుప్పటంత చేసే గోధుమ రొట్టెలు గ్రాండె వీధిలో పొద్దున్నే దొరుకుతాయి. వెచ్చగా ఉండగా కారులోనే తినెయ్యాలి. అవి ఇల్లు చేరిన దాఖలా ఇంతవరకూ లేదు.

ఆదివారం మెనూదో. ఆ పొట్టపేగుల పులుసు ప్రార్థన అయ్యాక తాగాలి. ప్రార్థన మానేసి సరాసరి పులుసు దగ్గరికే వెళ్ళేవాళ్ళ సంఘం ఒకటి ఉండేది. మీ అన్న దానికి శాశ్వత అధ్యక్షుడు.

ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తే మంచిది. పెద్ద టోపీలు, పాలిపోయిన కాళ్ళు వేసుకుని అతిథులందరూ అప్పుడే దిగుతారు. నువ్వూ వాళ్ళలో కలిసిపోతావు.

సమాధి ఎక్కడుందో అక్కడి కాపలావాడు చూపిస్తాడు. నేను రానక్కర్లేదు.

ఆర్విడ్‌ని అడిగానని చెప్పు. ఆయన రాకపోవడమే మేలు. మిరియం వేసిన మంచినీళ్ళు తాగినా ముక్కు తుడుచుకునే మనిషి.

ఎలోదియా


డులూత్
ఏప్రిల్ 11

వదినా,

జాబు అందింది. ఒక్కో వంటకానికి ఒక్కో మేకు కొట్టి మరీ పంపావు. చదువుతూ నవ్వాను. ఈ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది, నాకే కొత్తగా అనిపించింది.

అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పడం నీకు ఈనాటి జబ్బు కాదు. సినిమాకి వస్తావా అని అన్నయ్య మొదటిసారి అడిగినప్పుడు, "ఏ సినిమా?" అన్నావట. "సినిమా పేరు ఆలోచించుకోలేదురా దేవుడా" అని ఇంటికొచ్చి మా అమ్మ దగ్గర తల పట్టుకున్నాడు.

ఫిబ్రవరిలో రాను. ఆగస్టులో వస్తాను. ఆ ఎండలో టూసన్‌కి అతిథి ఎవడూ రాడు, ఇంటిమనిషి తప్ప. ఈ వాక్యానికి నువ్వు మార్కులు వెయ్యనక్కర్లేదు.

నీ జాబితాలో ఒకటి లేదు. అమ్మ పిండి రుబ్బి ఆకుల్లో చుట్టి ఆవిరికి ఉడికించేదే, ఆ లేత మొక్కజొన్న తమాలెలు ఎక్కడ తినాలి? కండెలు వచ్చేది ఆగస్టులోనేగా. మరిచిపోయావా, దాచావా?

ఆర్విడ్ కులాసా. ఈమధ్య కారు నేనే నడుపుతున్నాను. ఆయనకి నిద్ర ఎక్కువైంది. ఇంకా రాద్దామనుకున్నాను గాని పక్క గదిలోంచి పిలుస్తున్నాడు.

ఒతీలియా


టూసన్
జూన్ 20

ఒతీలియాకు,

జవాబు ఆలస్యమైంది. ఈ ఎండకి సిరా కలంలోనే ఆరిపోతోంది. వానమబ్బు రోజూ మధ్యాహ్నం కొండల మీదికి వచ్చి, మన ఊరిని పైనుంచి కిందికి ఓసారి చూసి, వెనక్కి తిరిగి పోతోంది. కొందరు చుట్టాల్లాగే.

ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. అసలు మొగుడు పోయాడు, మిగిలిన ఆ సగం హైవే పక్కన మోటెల్‌లో దిగుతానంటోంది. నేనెవరితో చెప్పుకోను?

లేత మొక్కజొన్న తమాలెల సంగతి మరిచిపోలేదు, దాచనూ లేదు. హోటళ్ళలో అమ్ముతారు. తీపి దట్టించి, చీజ్ పొదుపు చేసి, ఆకు పెద్దదిగా చుట్టి ఇస్తారు. అతిథులకి అది చాలు. మీ అమ్మ చేతి తమాలె తిన్న నోటికి నేను ఏ హోటలు పేరూ చెప్పను. అత్తగారు కలలోకి వచ్చి తిడుతుంది.

ఇంట్లో ఎందుకు చెయ్యవంటావేమో. తమాలె ఒక్క మనిషి చేసుకునే వంట కాదని నీకు తెలుసు. గోనెసంచి కండెలు తెచ్చాక ఒకరు ఆకులు ఒలవాలి, ఒకరు గింజలు కొయ్యాలి, ఒకరు రుబ్బాలి, ఒకరు ఆకుల్లో పెట్టి మడవాలి, ఇంకొకరు ఏమీ చెయ్యకుండా కూర్చుని తప్పులు పట్టాలి. ఆ చివరి ఉద్యోగం మీ అన్నది. ఆయన పోయాక ఆ ఖాళీ భర్తీ కాలేదు, మిగతావాళ్ళూ రావడం మానేశారు. ఆదివారాలు ఇసేలా వచ్చి నన్ను ఎక్కడికో తీసుకెళ్ళి, నా పళ్ళెంలో కొవ్వెంతుందో లెక్క చెప్పి, మళ్ళీ ఇంట్లో దించి పోతుంది. మంచి పిల్ల.

ఆగస్టులో కండెలు బజారుకి వస్తాయి. నీకు అతిథి పనులేవీ లేని పూట ఉంటే, కత్తి పట్టడం మరిచిపోకుండా ఉంటే, మోటెల్ నుంచి ఈ ఇంటికి దారి నీకు తెలుసు.

పిలిచినట్టు అనుకోకు.

ఎలోదియా


డులూత్
జులై 2

వదినా,

పిలిచినట్టు అనుకోలేదు. వస్తున్నాను. నీ కత్తులకి పదునుండదు, నాదే తెచ్చుకుంటాను.

ఒతీలియా


టూసన్
ఆగస్టు 24

ఒతీలియాకు,

తమాలెలు బ్రహ్మాండంగా ఉడికాయని ఇసేలాకి ఫోనులో చెప్పావట. ఉడకలేదు. ఆ పిల్ల నన్ను రెండు దాచిపెట్టమని అడుగుతోంది. అందుకని జరిగింది జరిగినట్టు కాగితం మీద పెడుతున్నాను. తప్పుంటే దిద్దు.

నువ్వు పొద్దున్నే వచ్చావు. తెల్ల జాకెట్టు. గుమ్మంలో కాసేపు నిలబడ్డావు. నేను లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. వంటింట్లో కండెలు పోసి ఉన్నాయి, కూర్చుని ఒలవడం మొదలుపెట్టావు. మనం వాన గురించి మాట్లాడుకున్నాం, ఉల్లిపాయల ధర గురించి మాట్లాడుకున్నాం, పక్కింటి వాళ్ళ కుక్క గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. పాపం ఆ కుక్క గురించి అంత చెప్పడానికి ఏమీ లేదు. మీ అన్న పేరు మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

పెద్ద కుండ అడుగున నీళ్ళు పోసి, అందులో రాగి నాణెం వేసి, పైన తమాలెలు నిలబెట్టి మూత పెట్టాను. అత్తగారు నేర్పిన పద్ధతే. నీళ్ళు మరుగుతున్నంతసేపూ నాణెం గలగలలాడుతుంది. చప్పుడు ఆగితే నీళ్ళు ఇంకిపోయినట్టు, లేచి పొయ్యాలి.

చప్పుడు ఆగింది. నాకు కుడిచెవి సరిగా పనిచెయ్యదు, నీకు వినబడుతుందిలే, ఆగితే చెబుతావని కూర్చున్నాను. నీకు వినబడింది. కానీ ఇది నా వంటిల్లు, నా పొయ్యి, నేను చెప్పకుండా నా కుండ మూత తియ్యడం బాగుండదని నువ్వు ఊరుకున్నావు. మన ఇళ్ళలో కోడలి పొయ్యిని ఆడబిడ్డ ముట్టుకోదు. అంత మర్యాదగా కూర్చుని ఇద్దరం కలిసి కుండ మాడబెట్టాం.

మూత తీస్తే అడుగు బొగ్గు, పైన పచ్చిపిండి. అప్పుడు నువ్వు నవ్వుతూ, "ఎవరో కోపంగా ఉన్నారు వదినా" అన్నావు. వంటింట్లో కోపమున్న మనిషి ఉంటే తమాలె ఉడకదని అత్తగారు అనేది. నేను సైన్సు టీచర్ని, నమ్మను. అయినా అన్నాను.

"అవును, నేనే. అన్న మీద పిడికెడు మట్టి వెయ్యడానికి రాలేనిదానివి, మొక్కజొన్నలు ఒలవడానికి వచ్చావా?"

అంతే అన్నాను. నువ్వు కత్తి కింద పెట్టావు. చేతులు కడుక్కున్నావు. తువ్వాలు తీసుకుని తుడుచుకున్నావు. ఆ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిచేసి, కుర్చీ మీద వేసి వెళ్ళిపోయావు. నాకు ఆ మడతలు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

నువ్వు తిరిగి తిడతావని చూశాను. నాలుగేళ్ళుగా ఎదురుచూసిన తిట్లు అవి. మర్నాడు మోటెల్‌కి వెళితే, తెల్లవారకముందే గది ఖాళీ చేసిందన్నాడు గుమాస్తా. సమాధి చూశావో లేదో కూడా తెలియదు.

కాబట్టి నాలుగేళ్ళుగా అడగని ప్రశ్న అడుగుతున్నాను. ఎందుకు రాలేదు? సూటిగా రాయి.

ఎలోదియా


డులూత్
సెప్టెంబరు 8

వదినా,

నువ్వు రాసిన దాంట్లో దిద్దాల్సింది ఏమీ లేదు. ఆ కుక్క సంగతి కూడా నిజమే.

ఆర్విడ్ బాగాలేడు. ఆరేళ్ళయింది. మొదట తాళాలు మరిచిపోయాడు, తరవాత దారులు, తరవాత నన్ను. అన్నయ్య పోయాడని నువ్వు ఫోను చేసిన పూట, నేను రిసీవరు పెట్టేసి వెనక్కి తిరిగేసరికి, ఈ ఇంట్లో నీకేం పనని ఆయన నన్ను అడుగుతున్నాడు. ఒక్కణ్ణి వదిలి రాలేను. వెంటబెట్టుకుని విమానమెక్కలేను. ఎవరికీ అప్పగించలేను, ఎందుకంటే అప్పటికి ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఇంకా కాస్త తెలివి ఉన్న రోజుల్లో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. ఓడల్ని రేవులోకి తెచ్చే పని చేసినవాడు కదా. మా పెళ్ళిలో అన్నయ్య ఆయన భుజం మీద చెయ్యివేసి, "మా బావ చీకట్లో, మంచులో, వెయ్యడుగుల ఓడని వేలితో గట్టుకి తెస్తాడు" అని ఊరందరికీ చెప్పాడు. "టూసన్ వాళ్ళకి నేను అలాగే ఉండనీ" అన్నాడు ఆర్విడ్. సరేనన్నాను. నీకు జవాబు చెప్పాలంటే ఆ మాట తప్పాలి. నాలుగేళ్ళు తప్పలేదు. ఇవాళ తప్పాను.

ఆగస్టులో ఆయన మేనకోడలు కారిన్ వచ్చి ఉంది. ఆ రాత్రి మోటెల్‌కి ఫోను చేసింది. తలుపు తీసుకుని, నిద్రబట్టలతో, సరస్సు వైపు నడిచి వెళ్ళిపోయాడని. దొరికాడు. నేను దొరికిన విమానమెక్కి వచ్చేశాను. నీ మీద అలిగి కాదు. సమాధికి మర్నాడు వెళదామనుకున్నాను, చూడలేదు.

ఇసేలా అంత సంబరంగా అడిగితే ఉడికాయని అబద్ధం చెప్పాను. తువ్వాలు సంగతి ఏమీ అనుకోకు. అలాంటప్పుడు చేతులకి ఏదో ఒక పని చెబుతాను, అంతే.

కారిన్‌కి చంటిపిల్ల. ఇంకోసారి అడగలేను. ఇప్పుడు పొద్దున పూట ఒక నర్సు వచ్చి పోతుంది, అంతే. ఇక ఆ ఊరు రావడం నాకు కుదరదు వదినా. నీకు తెలిస్తే చాలని రాశాను.

ఒతీలియా


టూసన్
సెప్టెంబరు 20

ఒతీలియాకు,

క్షమాపణలు రాయడం నాకు రాదు. నేర్చుకునే వయసూ దాటింది. అందుకని ఏర్పాట్లు రాస్తున్నాను.

అక్టోబరు ఆఖరున నేను డులూత్ వస్తున్నాను. ఆయనకి ఏ వేళకి ఏం పెట్టాలో, ఏ తలుపుకి ఏ తాళమో నాకు చెప్పి, మర్నాడు నువ్వు బయలుదేరు. నవంబరు రెండున, అందరూ తమవాళ్ళ సమాధులు కడిగి పూలు పెట్టుకునే రోజున, నువ్వు ఇక్కడ ఉండాలి. పొద్దున పూట నర్సు వస్తుందన్నావుగా, మిగతా పూటలు నేను చూసుకుంటాను. నేనెవరో తెలియని వాళ్ళతో రోజంతా మాట్లాడటం నాకు కొత్త కాదు. నా క్లాసులో సగంమంది అదే బాపతు.

వద్దని రాయకు, ఆ ఉత్తరం తెరవను. టికెట్టు ఇసేలా తీసింది. మంచులో నువ్వు పడిపోతావే అమ్మమ్మా అని ఏడుస్తోంది. పడితే మెత్తగా ఉంటుందటగా అన్నాను.

మోటెల్ మాట ఎత్తకు. నా గదిలో పడుకో. వంటింట్లో గిన్నెలన్నీ దుమ్ముపట్టి ఉంటే ఆశ్చర్యపోకు. నువ్వు వచ్చిన రోజు కడిగి పెట్టాను గాని, అసలు సంగతేమిటంటే, ఆయన పోయాక ఆ పొయ్యి వెలిగించింది ఆ ఒక్క రోజే. మిగతా రోజులు అటుకుల్లాంటివేవో పాలల్లో పోసుకుని నిలబడి తినేస్తాను. కూర్చుంటే ఎదురుగా ఆ కుర్చీ కనబడుతుంది. ఈ సంగతి ఇసేలాకి తెలియదు. ఇప్పుడు నీ దగ్గర నా రహస్యం ఒకటి, నా దగ్గర నీ రహస్యం ఒకటి. లెక్క సరి.

నువ్వు నా ఇంట్లో తింటావు, నేను నీ ఇంట్లో తింటాను. ఒకే బల్ల దగ్గర కాదు, నిజమే. మన వయసుకి దొరికింది ఇంతే.

ఎలోదియా


టూసన్
నవంబరు 2

వదినా,

నీ వంటింట్లో, అన్నయ్య బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. పొద్దుగూకుతోంది. ఇసేలా నన్ను దించి ఇప్పుడే వెళ్ళింది.

సమాధి కడిగాను. రాయి మీద నీ పేరు కూడా చెక్కించి, తేదీ ఖాళీ వదిలేశావు. నాకు చెప్పలేదు. ఆ ఖాళీ మీద దుమ్ము తుడుస్తుంటే చెయ్యి ఆగిపోయింది. బంతిపూలు పెట్టాను. మాట్లాడదామనుకున్నాను, ఏం మాట్లాడాలో తోచక, ఆర్విడ్ నిన్ను అడిగాడు అన్నయ్యా అని చెప్పాను. ఇన్నేళ్ళూ ఉత్తరాల్లో రాసిన అబద్ధమే, నోటికి అలవాటైపోయి వచ్చేసింది. అక్కడే కూర్చుండిపోయాను.

పక్క సమాధి దగ్గర పెద్ద కుటుంబం. ముసలివాళ్ళు, పిల్లలు, గిటారు, మడత కుర్చీలు. నన్ను చూసి ఒక ఆవిడ వచ్చి, "ఒక్కరే వచ్చారా?" అంది. తలూపాను. వెళ్ళి, అన్నం, బీన్స్, ఎర్రకారం మాంసం వేసిన పళ్ళెం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఎవరూ లేనిదాని కింద లెక్కేసింది కాబోలు. కాదనలేకపోయాను.

ఆ పళ్ళెం ఇంటికి తెచ్చాను. ఇప్పుడు నా ముందే ఉంది. అన్నయ్య కుర్చీలో కూర్చోలేక నీ కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఆ ఖాళీ కుర్చీ. నువ్వు ఎందుకు నిలబడి తినేదానివో తెలిసింది. చెంచా పట్టుకున్నాను, మళ్ళీ పెట్టేశాను. అక్కడ ఆర్విడ్ తిన్నాడో లేదో.

ఆయనెలా ఉన్నాడు? రాయి.

ఒతీలియా


డులూత్
నవంబరు 2

ఒతీలియాకు,

నీ ఉత్తరం కోసం చూడకుండా రాస్తున్నాను. పొద్దున సమాధి దగ్గరికి వెళ్ళి ఉంటావు.

ఇక్కడ చలి నా మోకాళ్ళకి పేర్లు పెట్టి మరీ పిలుస్తోంది. మీ ఊరి కొట్టుకి వెళ్ళి కారం మిరపకాయలున్నాయా అంటే, ఆ కుర్రాడు కూరగాయల్లో బొద్దుగా, తియ్యగా ఉండే కాయ ఒకటి తీసి చేతిలో పెట్టాడు. దాన్ని మిరపకాయ అనడం మిరపకాయకి అవమానం. నేను ఇంటినుంచి తెచ్చుకున్నవి ఉన్నాయిలే.

ఆర్విడ్‌కి మధ్యాహ్నం గుడ్లు వండాను. ఉల్లిపాయ వేశాను, కారం వెయ్యలేదు. నాకు ప్రాణం పోయినంత పనైంది. పొయ్యి వెలిగించడం చేతులు మరిచిపోలేదు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని తిన్నాడు, నేను ఎదురుగా కూర్చుని తిన్నాను. నేనెవరో ఆయనకి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. దూరంగా ఓడ ఒకటి కూత వేస్తే మాత్రం చెయ్యి ఎత్తి, వేలితో అలా కాస్త ఎడమకి జరిపాడు. ఓడ సరిగ్గా అటే తిరిగింది. నువ్వు ఆయనకి ఇచ్చిన మాట తప్పలేదని అనుకో.

భోజనమయ్యాక నన్ను చాలాసేపు చూశాడు. మీరెవరని అడిగాడు.

"ఒతీలియా వదినని, అన్నయ్యా."

"ఒతీలియా ఎవరు?"

"మీ భార్య."

మళ్ళీ సరస్సు వైపు తిరిగాడు. ఇక మాట్లాడడులే అనుకుని పళ్ళేలు తీస్తున్నాను. అప్పుడు, నా వైపు చూడకుండానే, అన్నాడు.

"ఆవిడ తిందా?"

నాకు తెలియదన్నాను. కనుక్కుని చెప్పమన్నాడు.

అందుకే రాస్తున్నాను. తిన్నావా?

ఎలోదియా